గంగమ్మ కంప్యూటరు

శ్రీకాళహస్తి బస్టాండు దగ్గర జిరాక్సు షాపు పెట్టుకున్న వరదయ్యకు భయపడడానికి కారణం అక్కర్లేదు. ఫోను మోగితే ఎవరు పోయారో అనుకుంటాడు. మోగకపోతే, ఎవరో పోయారు, తనకు చెప్పలేదు అనుకుంటాడు. షాపు షట్టరు దించి తాళం వేశాక నాలుగడుగులు నడిచి వెనక్కి వచ్చి లాగి చూస్తాడు. ఇల్లు చేరి కాళ్ళు కడుక్కున్నాక కూడా ఒక్కోసారి చెప్పులేసుకుని మళ్ళీ బయల్దేరతాడు. గూడూరు దాకా రైల్లో పోవాల్సి వస్తే ముందురోజే స్టేషనుకు వెళ్ళి బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో కనుక్కుని వచ్చే మనిషి. ఇంతటి భయస్తుడితో ఇన్నేళ్ళు కాపురం చేసిన పంకజాక్షికి ఎవరూ సన్మానం చెయ్యలేదు గానీ, చేసి ఉండాల్సింది.

ఆయన మాట్లాడితే ఇంకొకరు మాట్లాడే సందు ఉండదు. అది పొగరు కాదు, భయమే. ఎదుటి మనిషి నోట్లోంచి ఏం చెడ్డ కబురు ఊడిపడుతుందోనని ముందే తానే అందుకుంటాడు. ప్రశ్న తానే వేసి, జవాబు తానే చెప్పి, ఆ జవాబుకు తానే హడలిపోతాడు.

వాళ్ళది తరాలుగా గాజులు అమ్మిన కుటుంబం. కొత్త సరుకు ఏది వచ్చినా మొదటి జత అమ్మవారు గంగమ్మకు తీసిపెట్టడం తాతల నాటి నుంచీ ఉన్న ఆచారం. గాజుల వ్యాపారం దెబ్బతిని వరదయ్య జిరాక్సు మిషను కొన్నప్పుడు కూడా మొదటి కాపీ అమ్మవారి పటానిదే తీశాడు. ఆ నల్లటి కాపీ ఇప్పటికీ గోడకు అతికించి ఉంది. అమ్మవారి దీపం, పళ్ళెం, పసుపు గిన్నె ఇంటి ఆడమనిషే ముట్టాలనీ, మగవాళ్ళు చేతులు కట్టుకుని వెనకాల నిలబడాలనీ ఆయన తల్లి పెట్టిన నియమం. వరదయ్య దాన్ని తప్పలేదు. తప్పితే ఏమవుతుందో అని భయం మరి.

తర్వాత పాత కంప్యూటరు ఒకటి కొన్నాడు. దానికి మాటిమాటికీ వైరసు పడుతుంటే మేనల్లుడు ఢిల్లీబాబు వచ్చి, వైరసులు అంతగా అంటని లైనక్సు ఎక్కించాడు. ఢిల్లీబాబు తడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో పని చేస్తాడు, ఇలాంటివి సరదాగా నేర్చుకున్నాడు. మొదట ఎవరో ఒకరి పేరు కొట్టాలి, ఆ పేరు వాళ్ళకే కంప్యూటరు మీద పెత్తనం ఉంటుంది అని చెప్పి, “నీ పేరు కొట్టేదా మామా?” అని అడిగాడు.

“మొదటి పేరు నాదా? కండ్లు పోతాయి రా! అమ్మ పేరు పెట్టు.”

అలా ఆ యంత్రానికి గంగమ్మ యజమానురాలైంది. పాస్‌వర్డు పంకజాక్షి చేత పెట్టించాడు. ఆమె కొట్టేంతసేపూ తాను గోడ వైపు తిరిగి నిలబడి, మేనల్లుణ్ణి కూడా తిప్పి నిలబెట్టాడు. దొంగలు కంప్యూటరు ఎత్తుకుపోతే గతేమిటని మళ్ళీ ఇంకో భయం పుట్టింది. ఆ పాస్‌వర్డు లేనిదే అమ్మవారి ఖాతాలో ఉన్నదేదీ ఎవడూ చదవలేకుండా తాళం వేయించాడు. ఢిల్లీబాబు పని ఎలా ఉందో చూద్దామని అత్త ఫోనులో లోపలి సెట్టింగులేవో తెరిచి, వైరుతో కలిపి, అందులోని జాతర ఫోటోలు ఆ ఖాతాలోకి తీసి, అమ్మవారిది తెర నిండా పెట్టాడు. ఈ కంప్యూటరును ఎప్పటికీ నమ్మవచ్చా అని ఫోను అడిగితే పంకజాక్షి సరేనని వేలు పెట్టింది. ఆ తర్వాత షాపు పనులకు వరదయ్య పేరు మీద మామూలు ఖాతా ఒకటి తెరిచారు. అమ్మవారి ఖాతాలోకి మళ్ళీ ఎవరూ వెళ్ళలేదు. అమ్మ గద్దె మీద మనుషులు కూర్చుంటారా అన్నాడు వరదయ్య.

పోయిన ఏడాది పంకజాక్షికి గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నారు, ఎండ అనుకున్నారు. చివరికి తిరుపతిలో పెద్ద డాక్టరు చూసి, స్వరపేటిక తీసేస్తే మనిషి దక్కుతుంది, మాట దక్కదు అన్నాడు. సత్యవేడులో కాపురముంటున్న కూతురు మహిత ఏడుస్తూనే ఒక ఉపాయం చెప్పింది. “అమ్మా, ఆపరేషన్ లోపు నీ నోటికేదొస్తే అది ఫోన్లో మాట్లాడి పెట్టు.” ఉన్న కొద్ది రోజులూ పంకజాక్షి ఫోను ఎదురుగా పెట్టుకుని మాట్లాడింది. ఆపరేషను అయ్యాక ఇంటికి వచ్చి ఆ ఫోను బీరువాలో పట్టుచీరల కింద దాచింది. కూతురు కొత్త ఫోను కొనిచ్చింది. పాతది వినిపించమని అడిగితే, ముందు నేను వినాలి, తర్వాతే ఎవరికైనా అని పెదాలతో చెప్పింది. ఇంతవరకూ ఆమె వినలేదు. ధైర్యం చాల్లేదో, వినేశాక ఇంక మిగిలేది ఉండదనుకుందో ఎవరికీ తెలియదు.

ఇప్పుడామె మెడ కింద చిన్న రంధ్రం లోంచి ఊపిరి తీసుకుంటుంది. దాని మీద తెల్లటి నూలు గుడ్డ కట్టుకుంటుంది. పిలవాలంటే చప్పట్లు కొడుతుంది, చెప్పాలంటే పెదాలు కదుపుతుంది. వరదయ్య ఆ పెదాలు పూర్తిగా కదలనిస్తే కదా! “నీళ్ళా? మాత్రలా? నొప్పిగా ఉండాదా? డాక్టరు కాడికి పోదామా?” అని తానే మొదలుపెట్టేవాడు. ఆమె అడగాలనుకున్నది ఉప్పు డబ్బా.

బీరువాలో ఉన్న ఫోను గురించి వరదయ్యకు కొత్త దిగులు పట్టుకుంది. వానకు గోడ చెమ్మగిల్లితే? చీరలు తీస్తుంటే జారిపడితే? దొంగలొచ్చి బీరువా ఎత్తుకుపోతే? ఒక కాపీ కంప్యూటర్లో ఉంటే మంచిదనిపించింది. చెబితే ఒప్పుకోదేమోనన్న భయంతో ఒక ఉదయం ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు చీరల కింద చెయ్యి పెట్టి ఫోను తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. షాపు దగ్గరికి వచ్చి షట్టరు ఎత్తడానికి వంగాడు. ఫోను జేబులోంచి జారి బండ మెట్టు మీద పడింది.

తీసి చూస్తే అద్దం సాలెగూడులా పగిలి ఉంది. వెలుగు రాలేదు. చార్జరు పెడితే అరచేతిలో బుర్రుమని ఒకసారి వణికింది గానీ తెర నల్లగానే ఉంది. కాపాడుకుందామని తెచ్చి తన చేత్తోనే పోగొట్టాడు. ఆమె గొంతు ఈ లోకంలో ఇంకెక్కడా లేదు.

ఎదురు వరసలో సెల్‌ఫోన్లు బాగుచేసే రవిచంద్ర దగ్గరికి పరుగెత్తాడు. రవిచంద్ర అటూ ఇటూ తిప్పి చూశాడు.

“లోపల ప్రాణం ఉండాదన్నా. తెర పోయింది. ఈ మోడలుకి తెర ఇప్పుడు యాడా దొరకదు.”

“మెడ్రాసులో?”

“ఆడా లేదు. ఇదో, ఈడ సూడు, బ్యాటరీ ఉబ్బతా ఉండాది. ఎక్కువసేపు కరెంటుకు పెట్టబాక. లోపలుండేది కావాలంటే ఈపొద్దే కంప్యూటర్లోకి లాగేసుకో.”

“నువ్వే లాగప్పా, నీకు పుణ్యముంటాది!”

“నా కంప్యూటరుకు పెడితే, దీన్ని నమ్మొచ్చా అని ఫోను అడగతాది. ఒత్తేదానికి తెర యాడుండాది? ముందెప్పుడన్నా కలిపి, సరే అని ఒత్తిన కంప్యూటరుంటే దాన్నయితే అడగదు.”

అలాంటి కంప్యూటరు ఈ భూమ్మీద ఒకటే ఉంది. వరదయ్య షాపుకు వచ్చి ఢిల్లీబాబుకు ఫోన్ల మీద ఫోన్లు కొట్టాడు. ఫ్యాక్టరీ లోపలికి ఫోను తీసుకుపోనివ్వరని తెలిసి కూడా కొట్టాడు. టీకి వదిలినప్పుడు ఢిల్లీబాబు పలికేసరికి వరదయ్య చొక్కా చెమటతో తడిసిపోయి ఉంది. ఇద్దరు ముగ్గురు గిరాకీలను రేపు రమ్మని పంపేశాడు. ఒకాయన మాత్రం పోకుండా బయట బల్ల మీద కూర్చుని ఉన్నాడు.

జరిగింది విని ఢిల్లీబాబు, వైరుతో ఫోనును కలపమని, ఒక్కో అక్షరం చెబుతూ కొట్టించాడు. తెర మీద ఒక వరస అంకెలు వచ్చాయి.

“వచ్చిందిరా! కనిపించిందిరా!”

“పక్కన ఏముండాది మామా?”

వరదయ్య కళ్ళజోడు సర్దుకుని కూడబలుక్కుని చదివాడు. “నో... పర్మిషన్స్.”

“సరే. వైరు బాగానే ఉండాది, ఫోను కూడా కనిపిస్తా ఉండాది. నీకు దాన్ని ముట్టుకునే హక్కు లేదంటాది, అంతే.”

“నాకు హక్కు లేదా? నా పెండ్లాం ఫోను రా అది!”

“అది దానికి తెల్దు గదా మామా. పెత్తనం ఇమ్మని అడుగుదాం, కొట్టు.” ఇంకో మాట చెప్పి కొట్టించాడు. వరదయ్య తన పాస్‌వర్డు కొట్టి వేలు తీశాడు. కంప్యూటరు ఇంగ్లీషులో ఒక వాక్యం పడేసింది. దరఖాస్తులు నింపీ నింపీ ఆ మాత్రం ఇంగ్లీషు వచ్చిన వరదయ్యకు పైప్రాణాలు పైనే పోయాయి. వరదయ్యకు ఆ అధికారం లేదు, ఈ సంగతి పైవారికి తెలియజేయబడును అని దాని అర్థం.

“రేయ్ ఢిల్లీ, ఎవురికో సెప్తాదంటరా! పోలీసోళ్ళకా? నేనేం చేసినా?”

“ఎవురికీ కాదు మామా. ఆ కంప్యూటర్లో పెద్దెవరో వాళ్ళకి.”

“పెద్దెవరు?”

అటువైపు ఢిల్లీబాబు నవ్వు ఆపుకోలేకపోయాడు. “గంగమ్మ.”

వరదయ్య గోడ మీది నల్లటి కాపీ వైపు చూసి గబగబా చెంపలేసుకున్నాడు.

ఢిల్లీబాబు మళ్ళీ మామూలు గొంతుతో చెప్పాడు. “ఇను మామా. ముట్టుకునే హక్కూ, అత్త ఫోను నమ్మిన గుర్తూ రెండూ ఆ ఖాతాలోనే ఉండాయి. దాంట్లోకి పోతే పనయిపోతాది.”

“పాస్‌వర్డు మార్చేసి పోలేమా?”

“పగలగొట్టి పోవచ్చు. కానీ నువ్వే గదా దొంగలని తాళం ఏయించింది? అట్ల పోతే లోపలుండే గుర్తు చదవలేం. పాస్‌వర్డు తెలిసినోళ్ళే రావల్ల. అత్తనడుగు.”

వరదయ్య గొంతు తగ్గించాడు. “ఆమెను మాత్రం వద్దురా. ఇంకో దోవ సెప్పు.”

“ఇంకో దోవ లేదు మామా. చెయ్యాల్సినవన్నీ మెసేజి పెడతా, సూసి కొట్టండి. నన్ను పిలస్తా ఉండారు.”

ఫోను పెట్టేశాక వరదయ్య చేతిలో నల్లటి ఫోను పట్టుకుని కూర్చుండిపోయాడు. దాని వీపు ఇంకాస్త ఉబ్బినట్టు కనిపించింది. నిజంగా ఉబ్బిందో, తన కళ్ళకు అలా ఉందో తేల్చుకోలేకపోయాడు. ఆమెతో ఏం చెప్పాలి? ఆమె మాట పోయింది, మిగిలిన ఆ కాసిన్ని మాటలూ నేను మెట్టు మీద పడేశాను అని ఎలా చెప్పాలి? ఒక దశలో అమ్మవారి ఖాతా తెరిచి తానే ఏదో ఒకటి కొట్టి చూద్దామనుకున్నాడు. మహిత పేరు అయి ఉంటుందా? జాతర పేరా? వేళ్ళు మీటల దాకా వెళ్ళి ఆగిపోయాయి. ఆడవాళ్ళు ముట్టే పళ్ళెం మీద దొంగచేయి వేసినట్టనిపించింది.

మధ్యాహ్నానికి పంకజాక్షి క్యారియరు తీసుకుని రానే వచ్చింది. వరదయ్య ఫోనును కాగితాల బొత్తి కిందికి తోశాడు. ఆమె క్యారియరు బల్ల మీద పెట్టి ఆయన ముఖం చూసి, ఏమైందన్నట్టు చెయ్యి తిప్పింది.

“ఏం కాలేదు, ఏం కాలేదు. ఎండగా ఉండాది గదా, నువ్వు నడిచి వచ్చినావా, ఆటోలో రాకూడదా, మెడ కాడ గుడ్డ తడిసిందే, దుమ్ము పోతే ఏం గావల్ల...”

ఆమె ఫట్టున చప్పట్లు కొట్టింది. వరదయ్య ఆగాడు. చెప్పకపోతే బ్యాటరీ ఆగదు, చెబితే ఆమె ఏమైపోతుందో తెలియదు. చివరికి కాగితాల కింద నుంచి ఫోను తీసి రెండు చేతులతో ఆమె ముందు పెట్టాడు.

“నీ గొంతు కింద పడేసినా, పంకజా.”

పంకజాక్షి ఫోను తీసుకుంది. పగిలిన అద్దాన్ని చీర కొంగుతో తుడిచింది. మెడ దగ్గర గుడ్డ వేగంగా ఎగిరెగిరి పడింది. ఆమె ఏడిస్తే చప్పుడు రాదు, ఆ గుడ్డే కదులుతుంది. వరదయ్య ఆ గుడ్డను చూసి తట్టుకోలేక బావురుమన్నాడు. ఏడుస్తూనే, బీరువా సంగతి, మెట్టు సంగతి, గంగమ్మ ఖాతా సంగతి అన్నీ కలగాపులగంగా చెప్పాడు. బయట బల్ల మీది పెద్దమనిషి లేచి ఏమీ విననట్టు రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు.

ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. చెప్పులు విప్పింది. కుర్చీలో కూర్చుని తెరకు ఒకసారి దండం పెట్టి, వరదయ్యకు గోడ వైపు చెయ్యి చూపింది. ఆయన తిరిగి నిలబడ్డాడు. వెనకాల మీటలు ఒక్కొక్కటిగా టకటకమన్నాయి. ఆగాయి. తప్పు కొట్టారంటూ కంప్యూటరు చిన్నగా మూలిగింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ అదే మూలుగు. ఇన్నేళ్ళయింది, మరిచిపోయి ఉంటుంది, అంతా అయిపోయింది, ఆమె చేతులు వణుకుతున్నాయేమో, నీళ్ళు తాగమని చెప్పాలా అనుకుంటూ వరదయ్య గోడను చూస్తూ నిలబడ్డాడు. మూడోసారి మీటల చప్పుడు నిదానంగా వచ్చింది. తర్వాత ఆమె చప్పట్లు కొట్టింది.

తిరిగి చూస్తే తెర నిండా జాతరలో గంగమ్మ ఉంది.

మేనల్లుడు పంపిన మెసేజి చూస్తూ వరదయ్య అక్షరాలు వేలితో చూపించాడు, ఆమె కొట్టింది. ఆయన మీట ముట్టలేదు. వైరు పెట్టగానే ఫోను బుర్రుమంది. మళ్ళీ అదే వరస అంకెలు వచ్చాయి. ఈసారి పక్కన నో అన్న మాట లేదు. ఆమె ఇంకో వరస కొట్టింది. ఒక్కొక్క రికార్డింగే కంప్యూటర్లోకి రావడం మొదలైంది. ఫోను వీపు వేడెక్కుతోంది. వరదయ్య దాన్ని ముట్టి చూసి చెయ్యి తీసేసుకుని, మళ్ళీ ముట్టాడు. పేలిపోతుందేమోనని ఒక భయం, తీసేస్తే సగంలో ఆగుతుందేమోనని ఇంకో భయం. చివరిది వచ్చి చేరింది. పంకజాక్షి తానే వైరు లాగేసింది. ఆ ఫోను తర్వాత ఎన్నిసార్లు చార్జరు పెట్టినా బుర్రుమనలేదు.

వినేదా అని ఆమె కళ్ళతో అడిగింది. వరదయ్య లేచి షట్టరు సగానికి దించాడు. గిరాకీ ఉండగా ఆయన షట్టరు దించడం అదే మొదలు.

మొదటిది మొదలైంది. పంకజాక్షి గొంతు. బొంగురుగా ఉన్నా ఆమెదే. “మహితా, వడియాల పిండి ఉడికించేటప్పుడు...” అంతలో వరదయ్య గొంతు అడ్డొచ్చింది. “మే, గ్యాసు ఆపినావా? వాసన వస్తా ఉండాదే!” తర్వాత ఆయన గొంతే. రెండోదాంట్లో ఆమె ఏదో జోలపాట ఎత్తుకుంది. “ఎవురితో మాట్లాడతా ఉండావు? గొంతు నొప్పి పుడతాది, డాక్టరు వద్దన్న్యాడు గదా,” అంటూ ఆయన వచ్చాడు. పాట ఆగిపోయింది. ఇంకొకటి, ఇంకొకటి. ప్రతిదాంట్లో ఆమె మొదలుపెట్టడం, ఆయన వచ్చి పడడం. వరదయ్య తల వంచుకున్నాడు. సిగ్గేసింది. ఆ రోజుల్లో ఆమెకు మిగిలిన మాటలు ఇవే. వాటి మీద కూర్చున్నది తన భయం.

చివరిది ఆసుపత్రిలోది. చక్రాల మంచం కదిలే చప్పుడు, ఎవరివో మాటలు. “ఏమయ్యా, ఇట్ల కూసో. నీకొక మాట సెప్పల్ల.”

“నీళ్ళ సీసా యాడ పెట్టినావు? కాగితాలన్నీ ఉండాయా? డాక్టరు మొకం సూసినావా, ఎట్లనో ఉండాడు...”

“అది కాదయ్యా. ఒక్క నిమిషం ఇను.”

“నాకు కాళ్ళూ సేతులూ ఆడటంల్యా పంకజా. నీకేమన్నా అయితే నేనేం గావల్ల? నాకు వంట రాదు, ఏమీ రాదు, నేనెట్ల బతకల్ల?”

తర్వాత ఆమె గొంతు మెల్లగా పలికింది. “ఏం గాదులే. నువ్వు బయపడబాక.” నర్సు వచ్చి ఆమెను పేరు పెట్టి పిలిచింది. అక్కడితో అయిపోయింది.

పంకజాక్షి తెర వైపే చూస్తూ కూర్చుంది. మెడ దగ్గర గుడ్డ నెమ్మదిగా కదులుతోంది.

“ఆపొద్దు ఏం సెప్పల్లనుకున్నావు?” అన్నాడు వరదయ్య.

ఆమె ఆయన వైపు తిరిగింది. పెదాలు కదిపింది. వరదయ్య నోటి దాకా నాలుగైదు మాటలు వచ్చాయి. నీళ్ళ సంగతా, డబ్బు సంగతా, మహిత సంగతా అని. పళ్ళు బిగబట్టి వాటిని లోపలే ఉంచుకుని ఆమె పెదాలనే చూశాడు. ఆమె మళ్ళీ నిదానంగా, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

నాకు బయంగా ఉండాది అని.

ఇంట్లో భయం తన ఒక్కడిదేననీ, ఆమెకు దాని పొడ కూడా తెలియదనీ ఇన్నాళ్ళూ నమ్ముతూ వచ్చాడు వరదయ్య. స్టూలు జరుపుకుని ఆమెకు ఎదురుగా కూర్చుని, ఆమె చెయ్యి తన చేతుల్లోకి తీసుకున్నాడు.

“ఇంకా సెప్పు,” అన్నాడు.